పారలు పన్నెండు

అరవై ఏళ్ళ పండక్కి
మఠం చరిత్ర రాయమన్నారు నన్ను.
నా దగ్గరున్నవి కొట్టుగది పద్దుల పుస్తకాలు,
పట్టా మోగించి మోగించి
చెవుడొచ్చిన ఎడమచెవి.

మొదటి పేజీ. సిరా గోధుమరంగుకు తిరిగింది.
పొగాకు బ్యారన్ ఒకటి, పైకప్పు సగం.
బావి లేదు.
పారలు పన్నెండు.
ఫాదర్ ఆన్సెల్మ్ దస్తూరీ ఇది.
బెల్జియం నుంచి ఓడలో వచ్చినాయన
తెలుగు అక్షరాలను ఈదురుగాలికి జొన్నచేనులా
ఒక పక్కకే వాల్చేవాడు.

పేరేచర్ల దాటాక ఎడమచేతి వైపు, నల్లరేగడి.
గోడల నిండా పొగాకు వాసన,
పూజలో సాంబ్రాణి వేసినా అదే గెలిచేది.
ఆశీర్వాదప్ప మఠమని బోర్డు రాయించాం.
ఊరివాళ్ళు మాత్రం చుట్టసాములు అన్నారు.
చుట్ట ముట్టినవాడు మాలో బాలశౌరి ఒక్కడే,
అదీ దూలం ఎక్కే ముందు, ధైర్యానికి.

గంటకు డబ్బుల్లేవు.
గుంటూరు స్టేషను యార్డులో
రైలుపట్టా ముక్క తూకానికి కొని
వేపకొమ్మకు వేలాడదీశాం.
రోజుకు ఏడుసార్లు కీర్తనలు,
ఏడుసార్లూ ఇనుము.
మిరపకోతకొచ్చే ఆడవాళ్ళు
మా దేవుడి సంగతి అడగలేదు, వేళ మాత్రం తీసుకున్నారు.
మూడో పట్టాకు సద్దిమూట,
ఐదో పట్టాకు ఇంటిదారి.

మౌనం మా వ్రతం.
మాఘం దాటితే కళ్ళాల మీంచి గాలి మళ్ళేది.
తెల్లారుజామున కీర్తన మొదటి పాదం ఎత్తుకోగానే
తొమ్మిదిమందీ తుమ్మేవాళ్ళం.

బావి తవ్వుతుంటే నాలుగడుగుల్లోనే
మూరెడు పొడవు ఇటుక తగిలింది.
ఆన్సెల్మ్ దాన్ని కడిగి, అరచేత్తో తడిమి
చాలాసేపు ఊరుకున్నాడు.
మనకన్నా ముందే ఇక్కడ
గుండు గీయించుకున్నవాళ్ళు
చీకటితో లేచి కూర్చున్నారన్నమాట, అన్నాడు.
ఇటుక పీఠం కిందకి పోయింది.
పద్దులోకి ఎక్కలేదు. మనది కాదు గనక.

డెబ్భై ఏడు తుఫాను. పేజీలు అతుక్కుపోయాయి.
కస్సీనో కొండ మీది తల్లిమఠాన్ని
ఒకసారి కత్తులు కూల్చాయట,
ఒకసారి నిప్పు, ఒకసారి భూకంపం,
ఆన్సెల్మ్ కుర్రతనంలో బాంబులు.
మనకు వచ్చింది గాలే కదా, అని
తడిసిన అంగీతోనే బయల్దేరాడు ఆయన.
ఆ పేజీలో చదవగలిగిన పద్దు ఒకటే:
తాటాకులు ఆరువందలు, అప్పు.

పలుగైనా పారైనా
బలిపీఠం మీది పాత్రలా చూడాలంటుంది మా నియమం.
అందుకే ప్రతి సాయంత్రం లెక్క.
నాకు నేర్పింది ఇన్నాసి.
మట్టి తుడవని పారను లోపలికి రానిచ్చేవాడు కాదు.
అంత మనిషీ ఒక్క రాత్రి మాత్రం
పదకొండు అని రాసి పుస్తకం మూసేశాడు.
వెతకలేదు. మేమూ అడగలేదు.
పన్నెండోది మర్నాడు కనపడింది
ఆన్సెల్మ్ సమాధి పక్కన, నిటారుగా.

వచ్చినచోటే ఉంటాం, ఉన్నచోటే మట్టవుతాం,
మేమిచ్చిన మాట ఇంతే.
ఇప్పుడు నలుగురం.
రింగురోడ్డు వస్తుందని
చుట్టూ వెంచర్ల జెండాలు.
మొన్న ఒకాయన చల్లటి కారు దిగి
సెంటు ఎంతకిస్తారన్నాడు.
అతిథి క్రీస్తుతో సమానం,
మజ్జిగ ఇచ్చాం, రెండు గ్లాసులు తాగాడు.
ఇంకెన్నాళ్ళుంటారు మీరు, అన్నాడు మెల్లగా.
పెరట్లోకి తీసుకెళ్ళాను.
పద్నాలుగు సిలువలు,
వాటి పక్కనే ముగ్గు పోసి కొలిచిన నాలుగు చోట్లు.
ఆయన కారు రివర్సు తీస్తూ
నా వంక చూడలేదు.

చరిత్ర ఇంకా మొదలుపెట్టలేదు.
పొద్దుగూకింది. పనిముట్ల గదిలో
రెండుసార్లు లెక్కపెట్టాను,
పదకొండు.
బయట ఎవరో ఇంకా తవ్వుతున్నారు.
ఒక్క చెవితో వినేవాడికి
శబ్దం ఉందనే తెలుస్తుంది,
ఎటు నుంచో తెలియదు.